ఛాతీ ఎక్స్‌రే: తెల్లగా ఉంటే ఏమనుకోవాలి, నల్లగా ఉంటే ఏమనుకోవాలి?

రాత్రిడ్యూటీ · హౌస్ సర్జన్

అందరికీ నమస్కారం. క్యాజువాలిటీలో రాత్రి డ్యూటీలు నడుస్తున్నాయి. ఛాతీ ఎక్స్‌రే తీయించడం నిమిషాల పని. రేడియాలజీ రిపోర్టు మాత్రం పొద్దున గానీ రాదు. ఈలోపు ఆ ఫిల్మ్ చూసి ఏదో ఒకటి తేల్చుకోవాల్సింది నేనే. పుస్తకంలో బాణం గుర్తు పెట్టిన బొమ్మ చూస్తే అంతా తెలిసిపోయినట్టే ఉంటుంది. బాణం లేని ఫిల్మ్ ఎదురుగా పెడితే టెన్షన్ మొదలు. న్యుమోనియా తెలుపే, లంగ్ చుట్టూ నీరు చేరినా తెలుపే, లంగ్ కొలాప్స్ అయినా (గాలి పోయి ముడుచుకున్నా) తెలుపే. ఎంఫసీమా (లంగ్‌లోని గాలి గదులు పాడై ఉబ్బడం) నలుపు, న్యూమోథొరాక్స్ (లంగ్‌కీ ఛాతీగోడకీ మధ్య గాలి చేరడం) కూడా నలుపే. మీరంతా దేన్ని చూసి విడదీస్తారు? సైన్ల పేర్లు బట్టీ పట్టే ఉన్నాను, అవి వద్దు. కన్ను ముందు ఎక్కడికి వెళ్లాలో చెప్పండి చాలు.

డార్క్‌రూమ్ బాబాయ్ · రేడియోగ్రాఫర్, రిటైర్డ్

కన్ను ముందు పేరు మీదికి, తేదీ మీదికి వెళ్లాలి నాయనా. ఆ వెంటనే కుడి ఎడమల మార్కర్ మీదికి. గుండె కుడివైపున ఉన్న మనిషి ఎప్పుడో గానీ రాడు. మార్కర్ తప్పు పడిన ఫిల్మ్ మాత్రం అంత అరుదేం కాదు.

తర్వాత అది ఎలా తీసిన ఫిల్మో చూడు. మనిషిని నిలబెట్టి, ఛాతీ ప్లేటుకు ఆనించి, ఎక్స్‌రే ట్యూబును వెనక 6 అడుగుల దూరంలో పెట్టి తీస్తే పీఏ. మంచం మీద ఉన్నవాళ్లకి ముందు నుంచి తీస్తే ఏపీ. ఏపీలో గుండె ప్లేటుకు దూరం, ట్యూబుకు దగ్గర. అందుకని ఉన్నదానికంటే పెద్దగా పడుతుంది. పీఏలో గుండె వెడల్పు ఛాతీ లోపలి వెడల్పులో సగం దాటితే గుండె పెద్దదైందంటారు. అదే లెక్క పోర్టబుల్ ఫిల్మ్ మీద వాడితే ఐసీయూలో ఉన్నవాళ్లందరికీ హార్ట్ ఫెయిల్యూరే!

ఊపిరి సరిగ్గా పీల్చాడా? డయాఫ్రమ్ (ఛాతీకి, పొట్టకి మధ్య ఉన్న కండర పొర) పైన ముందు పక్కటెముకలు 6, వెనకవి 9 లేదా 10 లెక్కకు రావాలి. సగం ఊపిరిలో తీసిన ఫిల్మ్‌లో లంగ్ కింది భాగాలు ఒత్తుకుపోయి తెల్లగా పడతాయి. రెండువైపులా న్యుమోనియా అని జూనియర్లు రాసేవాటిలో ఇవి బోలెడు. మనిషి పక్కకు తిరిగాడా? రెండు కాలర్ బోన్ల లోపలి కొసలు మధ్యలో ఉన్న వెన్నుపూస ముల్లుకు సమానదూరంలో ఉండాలి. తిరిగి ఉంటే ఒక లంగ్ నల్లగా, ఇంకోటి తెల్లగా పడుతుంది, ట్రాకియా (మెడలోంచి దిగే పెద్ద శ్వాసనాళం) జరిగినట్టు కూడా భ్రమ కలుగుతుంది. ఎక్స్‌పోజర్ సంగతంటావా, గుండె వెనక వెన్నుపూసలు లీలగా కనిపిస్తే చాలు.

ఇంకోటి, జడ. జడ ముందుకు పడి ఉంటే లంగ్ పైభాగం మీద పొడుగాటి మచ్చ వస్తుంది. ఆ మచ్చ అంచు పట్టుకుని పైకి వెళ్లు. కాలర్ బోన్ దాటి, లంగ్ శిఖరం కూడా దాటి మెడ మీదికి పోతూ ఉంటే అది లంగ్‌లోది కాదు. జడ పైకి ముడేయించి మళ్లీ తీయిస్తే మచ్చ ఉండదు. అంతలోనే టీబీ అని చెప్పి మనిషిని హడలగొట్టకు.

నలుపుతెలుపు · రేడియాలజిస్టు

బాబాయ్ చెప్పినవన్నీ చూశాకే నా మాట.

ఎక్స్‌రేకి తెలిసినవి గాలి, కొవ్వు, నీరు, ఎముక, లోహం. అంతే. చీము, రక్తం, నీరు, కణితి, గుండె కండరం అన్నీ దానికి ఒకటే తెలుపు. కాబట్టి తెలుపుని చూసి జబ్బు పేరు చెప్పడం ఎవరివల్లా కాదు. ఆ తెలుపు ఏ అంచుని చెరిపేసింది, పక్కవాటిని నెట్టిందా లాగిందా, ఈ రెండూ చూడండి. మీరడిగిన మూడూ అక్కడే విడిపోతాయి.

ముందు అంచు సంగతి. గుండె అంచు మనకి కనిపిస్తోందంటే దాన్ని ఆనుకుని గాలి నిండిన లంగ్ ఉంది కాబట్టి. ఆ లంగ్‌లోకి చీము చేరితే అంచు మాయమైపోతుంది. తెల్లగోడ మీద సున్నంతో గీత గీస్తే కనపడుతుందా? దీన్నే సిల్హౌట్ సైన్ అంటాం. బెంజమిన్ ఫెల్సన్, హెన్రీ ఫెల్సన్ 1950లో దీని మీద రాసిన పేపరుతో పేరొచ్చింది. కుడి గుండె అంచు చెరిగితే జబ్బు మిడిల్ లోబ్‌లో (కుడి లంగ్ మధ్య భాగం), ఎడమ గుండె అంచు చెరిగితే లింగ్యులాలో (ఎడమ లంగ్‌లో గుండెను ఆనుకున్న భాగం), డయాఫ్రమ్ గీత చెరిగితే లోయర్ లోబ్‌లో (లంగ్ కింది భాగం) వెతకాలి. గుండె మీద తెలుపు పడి ఉన్నా గుండె అంచు చక్కగా కనిపిస్తూ ఉంటే ఆ తెలుపు గుండెను ఆనుకుని లేదు, వెనకెక్కడో ఉంది.

ఇక నెట్టడం, లాగడం. న్యుమోనియాలో గాలి ఉండాల్సిన చోట చీము చేరుతుంది, లోబ్ సైజు పెద్దగా మారదు. ట్రాకియా, గుండె ఎక్కడివక్కడే ఉంటాయి. ఆ తెలుపులో సన్నటి నల్లటి కొమ్మలు కనిపిస్తే అవి గాలి ఇంకా ఆడుతున్న శ్వాసనాళాలు, అంటే ఎయిర్ బ్రాంకోగ్రామ్. కొలాప్స్‌లో లోబ్ ముడుచుకుపోతుంది కాబట్టి పక్కవన్నీ దానివైపు జరుగుతాయి: ఫిషర్ గీత (లోబ్‌ల మధ్య హద్దు), హైలమ్ (రక్తనాళాలు, శ్వాసనాళాలు లంగ్‌లోకి వెళ్లే చోటు), డయాఫ్రమ్, ట్రాకియా. నీరు చేరితే అది కిందికి దిగి ముందు సీపీ యాంగిల్‌ని (డయాఫ్రమ్, ఛాతీగోడ కలిసే కింది మూల) పూడుస్తుంది. పైఅంచు ఛాతీగోడ వైపు ఎత్తుగా వంపు తిరిగి ఉంటుంది. ఎక్కువైతే గుండెను అవతలికి నెడుతుంది. పైఅంచు వంపు లేకుండా తిన్నగా, స్కేలు పెట్టి గీసినట్టు ఉంటే నీటితోపాటు గాలి కూడా చేరిందన్నమాట. అప్పుడు తీరిగ్గా కూర్చోకూడదు.

రాత్రిడ్యూటీ

సార్, చాలా థ్యాంక్స్. ఒక సందేహం. సగం ఛాతీ మొత్తం, పైనుంచి కిందిదాకా తెల్లగా ఉంటే? అంచులన్నీ పోయాక ఇంకేం చూడాలి?

శ్వాస · చెస్ట్ ఫిజీషియన్

ట్రాకియా చూడండి. తెలుపుకు దూరంగా జరిగితే నీరు. తెలుపు వైపే లాక్కుపోతే కొలాప్స్, లేదా ఆ లంగ్‌ని ఎప్పుడో ఆపరేషన్ చేసి తీసేశారు, మచ్చ ఉందేమో వీపు చూడండి. మధ్యలోనే ఉంటే రెండు దారులు. మొత్తం లంగ్ న్యుమోనియా కావచ్చు. లేదా నీరు ఒకవైపు నెడుతుంటే లోపల కొలాప్స్ అయిన లంగ్ ఇంకోవైపు లాగుతూ ఉండవచ్చు. ఈ రెండోది పెద్దవయసులో, పొగ తాగేవాళ్లలో కనిపిస్తే నా మనసు క్యాన్సర్ వైపు వెళ్తుంది.

ఇది పరీక్ష కోసం చెప్పడం లేదు. కొలాప్స్‌ని నీరనుకుని సూది గుచ్చితే నీరు రాదు సరికదా, పైకి లాక్కున్న డయాఫ్రమ్ కింద కాలేయమో ప్లీహమో తగులుతుంది. అనుమానం ఉన్నచోట అల్ట్రాసౌండ్ పెట్టి చూడకుండా సూది పట్టుకోవద్దు.

పడుకోబెట్టి తీసిన ఫిల్మ్‌లో నీరు కిందికి దిగదు, వీపు వెనక పరుచుకుంటుంది. ఆ వైపు మొత్తం పల్చటి మసక కమ్మినట్టు ఉంటుంది, అందులోంచి రక్తనాళాలు కనిపిస్తూనే ఉంటాయి. సీపీ యాంగిల్ బాగుంది కదా అని నీరు లేదని రాసేవాళ్లు ఉన్నారు.

పిల్లలవార్డు · పీడియాట్రిక్స్ పీజీ

పిల్లల ఫిల్ములకు ఇవన్నీ యథాతథంగా వాడకండి. పసిపిల్లల్లో థైమస్ గ్రంథి పెద్దది. గుండె పైన ఒక పక్కకి మొనతేలిన తెలుపుగా కనిపిస్తే కణితి అని కంగారుపడతారు. అది మామూలే. థైమస్ మెత్తటిది, శ్వాసనాళాన్ని నొక్కదు, పక్కటెముకలు ఆనినచోట దాని అంచు అలలు అలలుగా ఉంటుంది. అలాగే పిల్లల్లో న్యుమోనియా ఒక్కోసారి గుండ్రటి ఉండలా వస్తుంది, పెద్దవాళ్లలో అయితే కణితి అనుకునేలా. జ్వరం, దగ్గు ఉన్న పిల్లాడిలో అది కనిపిస్తే ముందు న్యుమోనియాకు మందులిచ్చి చూస్తాం.

ఒక పక్క లంగ్ మాత్రమే నల్లగా, ఉబ్బి ఉంటే నోట్లో ఏమైనా పెట్టుకుని మింగాడా అని అమ్మని అడగండి. వేరుశనగ గింజలాంటిది శ్వాసనాళంలో ఇరుక్కుంటే గాలి లోపలికి వెళ్తుంది, బయటికి రాదు. గింజ మాత్రం ఫిల్మ్‌లో కనిపించదు.

రాత్రిడ్యూటీ

ఇది నోట్ చేసుకున్నాను మేడమ్. ఇక నలుపు సంగతి ఎవరైనా చెప్పండి. న్యూమోథొరాక్స్ మిస్ అవుతానేమోనన్న భయమే నాకు ఎక్కువ.

నలుపుతెలుపు

న్యూమోథొరాక్స్‌లో వెతకాల్సింది నలుపుని కాదు, గీతని. ముడుచుకున్న లంగ్ అంచున వెంట్రుకంత సన్నటి తెల్లగీత ఉంటుంది. ఛాతీగోడకు కాస్త దూరంలో, దాని వంపునే అనుసరిస్తూ నడుస్తుంది. ఆ గీతకు లోపల రక్తనాళాల కొమ్మలుంటాయి, బయట ఒక్కటీ ఉండదు. నిలబెట్టి తీసిన ఫిల్మ్‌లో ఇది ముందుగా పైభాగంలో, కాలర్ బోన్ చాటున దొరుకుతుంది. జూమ్ చేయండి, కావాలంటే నలుపు తెలుపులు తిరగేసి చూడండి. పక్కటెముక అంచు వెంట కన్ను జారిపోతుంది, అందుకని ఒక్కో పక్కటెముక సందులో విడిగా చూడాలి.

చర్మం ముడత దీన్ని అచ్చంగా అనుకరిస్తుంది, ముఖ్యంగా బక్కచిక్కిన పెద్దవాళ్లలో పోర్టబుల్ ఫిల్మ్ తీసినప్పుడు. తేడా దగ్గర్నుంచి చూస్తే దొరుకుతుంది. ముడతకి సన్నటి గీత ఉండదు, ఒక అంచు మాత్రం ఉంటుంది. ఒకవైపు నుంచి తెలుపు క్రమంగా చిక్కబడుతూ వచ్చి హఠాత్తుగా నలుపులోకి పడిపోతుంది. దాన్ని పట్టుకుని వెళ్తే ఛాతీ దాటి బయటికి కూడా పోవచ్చు. అవతల రక్తనాళాలు మామూలుగానే కనిపిస్తాయి.

పడుకున్న మనిషిలో గాలి ముందుకు, కిందికి చేరుతుంది. అప్పుడు గీత కనిపించకపోవచ్చు. ఒకవైపు సీపీ యాంగిల్ మామూలుకంటే లోతుగా, బాగా నల్లగా దిగిపోయి ఉంటే అనుమానించాలి.

శ్వాస

> న్యూమోథొరాక్స్‌లో వెతకాల్సింది నలుపుని కాదు, గీతని

ఒప్పుకుంటాను. దానికి రెండు చేర్పులు. మొదటిది, టెన్షన్ న్యూమోథొరాక్స్ (చేరిన గాలి బయటికి పోలేక గుండెను, లంగ్‌ను నొక్కేసే రకం) ఫిల్మ్‌లో చూసి గుర్తుపట్టే జబ్బు కాదు. బీపీ పడిపోయి, ఊపిరాడక, ఒకవైపు శబ్దాలు లేకుండా ఉన్న మనిషిని ఎక్స్‌రే గదికి పంపకండి. గాలి తీసేశాక ఫిల్మ్ తీయించుకోవచ్చు.

రెండోది, సీఓపీడీ (శ్వాసనాళాలు ఇరుకైపోయే దీర్ఘకాలపు జబ్బు) వాళ్లలో పెద్ద బుల్లా (లంగ్‌లో గాలి సంచి). అదీ నల్లగానే ఉంటుంది, అందులోనూ రక్తనాళాలు ఉండవు. అయితే బుల్లా లోపలి అంచు మధ్యకు ఉబ్బి, గుండ్రటి సంచి గోడలా ఉంటుంది. న్యూమోథొరాక్స్ గీత ఛాతీగోడకు సమాంతరంగా పోతుంది. తేలకపోతే, మనిషి నిలకడగా ఉంటే, సీటీ తీయండి. బుల్లాలోకి గాలి తీసే ట్యూబు దించితే లేని న్యూమోథొరాక్స్‌ని మనమే తెచ్చిపెట్టినట్టు.

ఇంకో సంగతి అడుగుతాను నలుపుతెలుపు గారూ. అనుమానం ఉన్నప్పుడు ఊపిరి వదిలేసి ఒక ఫిల్మ్ తీయించడం మాకు నేర్పారు. మీరేమంటారు?

నలుపుతెలుపు

మామూలుగా అవసరం లేదండీ. పీల్చి తీసిన ఫిల్మ్‌లోనే దాదాపు అన్నీ దొరుకుతాయి. ఇప్పటి మార్గదర్శకాలు కూడా వదిలేసి తీయడాన్ని రొటీన్‌గా సూచించడం లేదు. వదిలేసి తీసినదానిలో మిగతా లంగ్ అంతా తెల్లబడి ఇంకో గందరగోళం.

శ్వాస

నేను ఇప్పటికీ అప్పుడప్పుడూ తీయిస్తాను. మానుకోలేను. 🙂

అమ్మకోసం

నమస్తే. నేను డాక్టర్ని కాదు, క్షమించాలి. మా అమ్మకి ఒక ఆపరేషన్ ముందు ఛాతీ ఎక్స్‌రే తీశారు. దగ్గు, ఆయాసం ఏమీ లేవు. రిపోర్టులో బ్రాంకోవాస్కులర్ మార్కింగ్స్ ఎక్కువగా ఉన్నాయని, ఎడమ సీపీ యాంగిల్ కొద్దిగా మొద్దుబారిందని రాశారు. ఆన్‌లైన్‌లో వెతికితే క్యాన్సర్ దాకా వెళ్లింది. నిద్ర పట్టడం లేదు. ఇంకో ఎక్స్‌రే తీయించమన్నారు, రేడియేషన్ ప్రమాదమేమో అని ఇంకో బెంగ. అమ్మకి చిన్నప్పుడెప్పుడో నిమ్ము చేసి చాలాకాలం మంచాన పడిందట.

నలుపుతెలుపు

అమ్మగారి ఫిల్మ్ చూడకుండా ఇది ఫలానా అని చెప్పను, ఎవరు చెప్పినా నమ్మకండి. ఆ మాటలకు అర్థం మాత్రం చెప్తాను.

మార్కింగ్స్ అంటే రక్తనాళాలు, శ్వాసనాళాల గోడలు. అందరికీ ఉంటాయి. ఊపిరి పూర్తిగా పీల్చకపోయినా, లావుగా ఉన్నా, పొగ తాగినా, ఫిల్మ్ కాస్త తేలిపోయినా ఎక్కువగా కనిపిస్తాయి. ఇతర లక్షణాలేవీ లేనివాళ్లలో ఆ ఒక్క వాక్యానికి పెద్ద విలువ ఉండదు. నిజం చెప్పాలంటే ఏమీ తోచనప్పుడు మావాళ్లు రాసే వాక్యం అది.

సీపీ యాంగిల్ సంగతి మాత్రం తేల్చుకోవాలి. నిలబెట్టి తీసిన పీఏలో ఆ మూల పూడాలంటే సుమారు 200 మిల్లీలీటర్ల నీరు చేరాలి. నీరు కాకపోతే, ఎప్పుడో వచ్చిన ఇన్‌ఫెక్షన్ మానిపోయి లంగ్ చుట్టూ ఉన్న పొరలు అతుక్కున్నా ఆ మూల మొద్దుబారుతుంది, జీవితాంతం అలాగే ఉంటుంది. పాత ఎక్స్‌రే ఏదైనా ఇంట్లో ఉందేమో వెతకండి. అందులోనూ ఇలాగే ఉంటే చాలావరకు చర్చ ముగిసినట్టే. లేకపోతే అల్ట్రాసౌండ్ చాలు, నీరు ఉందో లేదో అక్కడికక్కడే తెలుస్తుంది, దానికి రేడియేషన్ ఉండదు.

ఛాతీ పీఏ ఎక్స్‌రే డోసు దాదాపు 0.02 మిల్లీసీవర్ట్. నేలనుంచి, ఆకాశంనుంచి, గాలిలోంచి ప్రకృతి సహజంగా మనిషికి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్ట్ వస్తూనే ఉంటుంది. అంటే ఒక ఎక్స్‌రే మూడు రోజుల మామూలు బతుకుతో సమానం. అవసరమై తీసే రెండో ఎక్స్‌రేకి భయపడకండి.

అమ్మకోసం

చాలా చాలా థ్యాంక్స్ అండీ. పాత కవర్లు వెతుకుతాను.

మోడరేటర్

గమనిక: ఫోన్‌తో తీసిన ఎక్స్‌రే ఫోటోలు పెట్టినవారి పోస్టులు తొలగించాను. ఒకదాంట్లో పేషెంటు పేరు, ఆసుపత్రి నంబరు కూడా కనిపిస్తున్నాయి. దయచేసి పెట్టవద్దు.

డార్క్‌రూమ్ బాబాయ్

మంచిపని చేశారు. పైగా మానిటర్‌ని ఫోన్‌తో ఫోటో తీస్తే గీతలు గీతలుగా పడి, ట్యూబ్‌లైటు మెరుపు పడి, సన్నటివన్నీ పోతాయి. నలుపుతెలుపు చెప్పిన వెంట్రుక గీత అందులో దొరకదు.

శ్వాస

టీబీ గురించి ఇంకా ఎవరూ మాట్లాడలేదు. నేనే మొదలుపెడతాను, కాస్త కోపంగానే.

లంగ్ పైభాగంలో మచ్చలు కనిపించగానే రిపోర్టులో టీబీ అని రాసేస్తున్నారు. ఆ కాగితం పట్టుకుని మనిషి నా దగ్గరికి వచ్చేసరికి సగం చచ్చి ఉంటాడు. అందులో కొన్ని ఎప్పుడో మానిపోయిన మచ్చలు. టీబీకి ఎక్స్‌రే అనుమానించడానికి బాగా పనికొస్తుంది, నిర్ధారించడానికి పనికిరాదు. కఫం పరీక్ష కావాలి. జీన్ఎక్స్‌పర్ట్‌ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే ఆమోదించింది, రెండు గంటల్లోపే క్రిమి ఉందో లేదో, రిఫాంపిసిన్ అనే టీబీ మందుకి లొంగుతుందో లేదో చెప్తుంది. ఇంకా ఫిల్మ్ చూసి ఆరు నెలల మందులు మొదలుపెట్టడమేమిటి?

నలుపుతెలుపు

కోపం న్యాయమే. అయితే రిక్వెస్టు ఫారంలో క్లినికల్ వివరాల గడిలో ఏం రాసి పంపుతారో కూడా చెప్పండి. 'దగ్గు' అని ఒక్క ముక్క. ఒక్కోసారి అదీ ఉండదు. ఎన్నాళ్లుగా, బరువు తగ్గిందా, ముందు టీబీ మందులు వాడాడా, షుగరుందా, హెచ్ఐవీ ఉందా? ఇవి తెలిస్తే నా రిపోర్టు మారిపోతుంది.

ఫిల్మ్‌లో నేను చూసేవి ఇవి. పెద్దవాళ్లలో మళ్లీ తిరగబెట్టిన టీబీకి ఇష్టమైన చోట్లు అప్పర్ లోబ్ పై, వెనక భాగాలు, లోయర్ లోబ్ పైభాగం. మసకగా, అంచు తెలియని తెలుపు, మధ్యలో గోడ కట్టిన నల్లటి గుల్ల (క్యావిటీ), అక్కడినుంచి శ్వాసనాళాల వెంట కింద ఎక్కడెక్కడో చల్లినట్టు చిన్న మచ్చలు ఉంటే అది పనిచేస్తున్న జబ్బేమో అని గట్టిగా రాస్తాను. అంచులు పదునుగా, గీతలు గీతలుగా, సున్నపు చుక్కలతో, హైలమ్ పైకి లాగేసి ఉంటే పాత మచ్చలని రాస్తాను. అలా రాసినా, పాత ఫిల్మ్ లేకుండా ఒక్క ఫిల్మ్‌తో ఇది నిద్రపోతున్న జబ్బని ప్రమాణం చేయను.

ఆ హైలమ్ సంగతి అందరూ పట్టించుకోరు. మామూలుగా ఎడమ హైలమ్ కుడిదానికంటే కొంచెం ఎత్తున ఉంటుంది. కుడిది ఎత్తున ఉందంటే పైనుంచి ఏదో లాగుతోంది, లేదా ఎడమవైపు కింది నుంచి ఏదో లాగుతోంది.

పిల్లలవార్డు

పిల్లల్లో క్యావిటీ కోసం వెతికి లేదని వదిలేయకండి. వాళ్లలో హైలమ్ దగ్గర లింఫు గ్రంథులు పెరగడమే ఎక్కువగా కనిపిస్తుంది, ల్యాటరల్ (పక్కనుంచి) తీస్తే బాగా తెలుస్తుంది.

శ్వాస

హెచ్ఐవీ ముదిరినవాళ్లలో కూడా లెక్క తప్పుతుంది. క్యావిటీ ఉండకపోవచ్చు, జబ్బు కింది భాగంలో ఉండవచ్చు, ఫిల్మ్ నార్మల్‌గానూ ఉండవచ్చు. ఇక మిలియరీ టీబీ (క్రిమి రక్తం ద్వారా పాకిన రకం). 1 నుంచి 3 మిల్లీమీటర్ల చుక్కలు రెండు లంగ్‌ల నిండా ఒకే సైజులో పరుచుకుంటాయి. దూరంనుంచి చూస్తే ఫిల్మ్ కాస్త మసకగా ఉందంతే అనిపిస్తుంది. దగ్గరికెళ్లి పక్కటెముకల సందుల్లో చూడాలి.

రిక్వెస్టు ఫారం విషయంలో మీరన్నది నిజం. మా యూనిట్‌లో చెప్తాను.

కోడ్‌కాకి · సాఫ్ట్‌వేర్

ఇంత కష్టమెందుకండీ, ఏఐ చదివేస్తుంది కదా? నేనే ఓపెన్ డేటాతో ఒక మోడల్ ట్రెయిన్ చేశాను, న్యూమోథొరాక్స్ మీద బ్రహ్మాండమైన స్కోరు వచ్చింది.

నలుపుతెలుపు

ఏ డేటా? అమెరికా ఎన్ఐహెచ్ (ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) 2017లో విడుదల చేసిన ఫిల్ములా? లక్షా 12 వేల పైచిలుకు ఉంటాయి. వాటి లేబుళ్లు ఫిల్ములు చూసి పెట్టినవి కావు, రిపోర్టుల్లోంచి ప్రోగ్రామ్‌తో లాగినవి. అందులో న్యూమోథొరాక్స్ అని ఉన్నవాటిలో చాలావాటికి అప్పటికే ఛాతీలో ట్యూబు ఉంది. మీ మోడల్ గాలిని గుర్తుపట్టిందా, ట్యూబుని గుర్తుపట్టిందా? ట్యూబు లేని ఫిల్ములు విడిగా తీసి పరీక్షించండి. మాకు కావాల్సింది ఇంకా ట్యూబు వేయని మనిషిలో గుర్తుపట్టడం.

కోడ్‌కాకి

ఈ కోణం చూడలేదు. విడదీసి మళ్లీ రన్ చేస్తాను.

శ్వాస

అలాగని కొట్టిపారేయను. 15 ఏళ్లు దాటినవాళ్లకి టీబీ స్క్రీనింగ్‌లో మనిషి బదులు సాఫ్ట్‌వేర్‌తో ఎక్స్‌రే చదివించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. రేడియాలజిస్టు లేని చోట చాలా మేలు. అది ఇచ్చేది ఒక స్కోరు, ఆ తర్వాత కఫం పరీక్ష మామూలే. టీబీ కోసం తయారైన సాఫ్ట్‌వేర్ టీబీ లేదందంటే క్యాన్సర్ కూడా లేదని కాదు.

మనుషులం మనమేమీ తక్కువ తినలేదు. 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో 24 మంది రేడియాలజిస్టులకు నాడ్యూల్స్ (చిన్న గుండ్రటి మచ్చలు) వెతకమని లంగ్ సీటీలు ఇచ్చి, ఒకదాంట్లో గొరిల్లా బొమ్మ దూర్చారు. 20 మంది దాన్ని చూడనేలేదు.

నలుపుతెలుపు

ఆ గొరిల్లా మా మెడకి ఎప్పటికీ వేలాడుతుంది. 🙂

రాత్రిడ్యూటీ గారూ, ఆ కథలో మీకు పనికొచ్చేది ఉంది. ఒకటి దొరకగానే కన్ను వెతకడం మానేస్తుంది. న్యుమోనియా దొరికిందన్న సంతోషంలో విరిగిన పక్కటెముక పోతుంది. అందుకే ఫిల్మ్ పక్కన పెట్టేముందు నాలుగు చోట్లు మళ్లీ చూడండి: కాలర్ బోన్ల వెనక లంగ్ శిఖరాలు, రెండు హైలమ్‌లు, గుండె వెనక, డయాఫ్రమ్ కింద. లంగ్ వెనకభాగం డయాఫ్రమ్ గీత కంటే కిందిదాకా దిగి ఉంటుంది, కాలేయం నీడలో నాడ్యూల్ దాక్కుంటుంది. గుండె వెనక త్రికోణంగా తెలుపు, ఎడమ డయాఫ్రమ్ లోపలి సగం చెరిగిపోవడం కనిపిస్తే ఎడమ లోయర్ లోబ్ కొలాప్స్. గుండె మాటున ఉంటుంది కాబట్టి రోజూ ఎవరో ఒకరు దాన్ని దాటేసి వెళ్తారు.

కాలర్ బోన్, మొదటి పక్కటెముక కలిసేచోట మామూలుగానే కాస్త తెలుపు ఉంటుంది. రెండువైపులా పోల్చండి. ఒకవైపే ఎక్కువగా ఉంటే సీటీ అడగండి. 3 సెంటీమీటర్ల లోపుంటే నాడ్యూల్, దాటితే మాస్ అంటాం. దాటినదాన్ని వేరే రుజువయ్యేదాకా క్యాన్సర్ అనే అనుకుని ముందుకెళ్తాం. కింది భాగంలో రెండువైపులా ఒకే ఎత్తులో గుండ్రటి మచ్చలుంటే మాత్రం చనుమొనల నీడలేమో చూసుకోండి. వాటి మీద చిన్న లోహపు గుర్తు అంటించి మళ్లీ తీస్తే తేలిపోతుంది.

రాత్రిడ్యూటీ

హార్ట్ ఫెయిల్యూర్, రెండువైపులా న్యుమోనియా నాకు ఇప్పటికీ ఒకేలా కనిపిస్తాయి సార్.

శ్వాస

గుండె సైజు, నీరు, గీతలు. గుండె పెద్దదై, రెండువైపులా కొంచెం నీరు చేరి, తెలుపు హైలమ్‌ల చుట్టూ గబ్బిలం రెక్కల్లా పరుచుకుంటే గుండె వైపు ఆలోచించాలి. కింది మూలల్లో, ఛాతీగోడను తాకుతూ, అడ్డంగా, 1 నుంచి 2 సెంటీమీటర్ల పొడవున పల్చటి గీతలు వెతకండి. పీటర్ కెర్లీ 1933లో వర్ణించినవి, కెర్లీ బి లైన్స్. రక్తనాళాలు ఛాతీగోడ దాకా రావు, కాబట్టి అంత అంచున గీతలుంటే అవి రక్తనాళాలు కావు. నీరు తీసే ఇంజెక్షన్ ఇచ్చాక గంటల్లో, మహా అయితే ఒకట్రెండు రోజుల్లో తెలుపు కరిగితే అది గుండె వల్ల వచ్చిందే. న్యుమోనియా అంత తొందరగా పోదు. జ్వరం తగ్గి మనిషి లేచి తిరుగుతున్నా ఫిల్మ్‌లో వారాలపాటు ఉంటుంది. అందుకే మూడోరోజే మళ్లీ ఎక్స్‌రే తీసి యాంటీబయాటిక్ మార్చకండి. 50 దాటినవాళ్లకి, పొగ తాగేవాళ్లకి మాత్రం ఆరు వారాలకి తప్పకుండా తీయించండి. అప్పటికీ తెలుపు అలాగే ఉంటే దాని వెనక శ్వాసనాళాన్ని మూసిన కణితి ఉండవచ్చు.

ఎక్స్‌రే నార్మల్ అని రాయగానే ఇంటికి పంపేయకండి. ఆస్తమాలో సాధారణంగా నార్మల్. సీఓపీడీలో డయాఫ్రమ్ చదునై, గుండె సన్నగా నిలువుగా మారినా, అసలు నిర్ధారణ స్పైరోమెట్రీతోనే (ఊపిరి ఊదించి కొలిచే పరీక్ష). లంగ్‌లోకి రక్తం గడ్డ వెళ్లినవాళ్లలో ఫిల్మ్ చాలాసార్లు దాదాపు శుభ్రంగా ఉంటుంది. ఆక్సిజన్ తక్కువగా ఉండి ఫిల్మ్ బాగుందంటే భయపడాల్సింది అప్పుడే.

రాత్రిడ్యూటీ

ఇప్పుడే ఒక ఫిల్మ్ వచ్చింది. ఫోటో పెట్టను, మాటల్లో చెప్తాను. 20 ఏళ్ల కుర్రాడు, ఛాతీలో నొప్పి. జ్వరం లేదు, దగ్గు లేదు, ఆక్సిజన్ 99. పీఏ, నిలబెట్టి తీసింది, ఊపిరి బాగా పీల్చాడు, తిరగలేదు. న్యూమోథొరాక్స్ గీత కోసం ప్రతి సందూ చూశాను, లేదు. కుడి గుండె అంచు మసకగా చెరిగి ఉంది, డయాఫ్రమ్ స్పష్టంగా ఉంది. మిడిల్ లోబ్ న్యుమోనియా అనుకోవాలా? మనిషిని చూస్తే అలా లేడు.

శ్వాస

అంచు లెక్క ప్రకారం మిడిల్ లోబే. జ్వరం లేకుండా అంటే కొలాప్స్ కూడా ఆలోచించాలి. హారిజాంటల్ ఫిషర్ కిందికి జరిగిందా?

రాత్రిడ్యూటీ

లేదు మేడమ్, దాని చోట అది ఉంది. గుండె మాత్రం కాస్త ఎడమవైపు జరిగినట్టుంది.

డార్క్‌రూమ్ బాబాయ్

చొక్కా విప్పించి చూశావా నాయనా?

రాత్రిడ్యూటీ

ఇప్పుడు చూశాను. రొమ్ము ఎముక మధ్యలో లోపలికి గుంటపడి ఉంది. పుట్టినప్పటినుంచీ అంతేనట.

నలుపుతెలుపు

పెక్టస్ ఎక్స్‌కవేటమ్. లోపలికి దిగిన ఛాతీగోడే గుండె కుడి అంచుని చెరిపేసింది, గుండెను ఎడమకి నెట్టింది. మళ్లీ ఫిల్మ్ చూడండి, వెనక పక్కటెముకలు అడ్డంగా, ముందువి బాగా ఏటవాలుగా కిందికి దిగి ఉంటాయి.

రాత్రిడ్యూటీ

అవును సార్, ముందువి దాదాపు నిలువుగానే ఉన్నాయి.

నలుపుతెలుపు

ల్యాటరల్ ఒకటి తీయించండి, రొమ్ము ఎముక ఎంత లోపలికి దిగిందో అందులో తేటగా తెలుస్తుంది. యాంటీబయాటిక్ రాయకండి. నొప్పికి ఈసీజీ తీశారా?

రాత్రిడ్యూటీ

సిస్టర్ ఇప్పుడే లీడ్స్ పెడుతున్నారు సార్.